ఎడమచేతి మీట

పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క అడుగు కూడా కదలని సైకిళ్ళకు గేర్లు అరిగిపోయి ఉన్నాయని, కొత్తరేవు పురపాలక సంఘం స్టోర్సు గుమాస్తా గంగాచలం సోమవారం పొద్దున్న కాఫీ చల్లారేలోపు కనిపెట్టాడు.

కనిపెట్టాక కాఫీ తాగలేదు.

ఒకసారి చుట్టూ చూశాడు. తనవైపు ఎవరూ చూడటం లేదు. ఎడమచెయ్యి చాచి, మొదటి సైకిలు హ్యాండిలు మీద బొటనవేలికి అందేచోట ఉన్న చిన్న మీటను మళ్ళీ నొక్కాడు. గేరు మార్చే మీట అది. కొత్త సైకిలుకైతే నొక్కగానే టిక్కుమనాలి. ఇది మాత్రం జ్వరమొచ్చినవాడి మెడలా ఇటు వాలింది, అటు వాలింది. మీట మీది గరుకు గీతలు నునుపెక్కాయి. పక్కనుండే అంకెలు చెరిగిపోయాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. వరసగా పన్నెండూ చూశాడు. చివరి దానికి మాత్రం కొనఊపిరి ఉంది. గట్టిగా నొక్కితే ఒక్కసారి టిక్కుమని ఊరుకుంది.

ఈ సైకిళ్ళ పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పాలి. వెనకటి కమిషనరుగారికి ఏదో శిక్షణ శిబిరంలో జ్ఞానోదయమైంది. మునిసిపల్ ఉద్యోగులంతా పెట్రోలు మానేసి సైకిలు తొక్కాలని తీర్మానించారు. పథకానికి ‘హరిత శ్వాస’ అని పేరు పెట్టారు. కొత్తరేవులో ఎత్తయిన ప్రదేశమంటే ఏటిగట్టు ఒక్కటే, గేర్లు దేనికండీ అని ఎవరో అడిగితే, ఊరు ఎదగబోతోందని జవాబిచ్చారు. వరండాలో జనం కూర్చునే బల్లలన్నీ తీయించి స్టోరుగదిలోకి నెట్టించారు. ఆ చోట సైకిళ్ళను నిలబెట్టి ముందు ఎర్ర రిబ్బను కట్టించారు. మంత్రిగారు వచ్చి ఆ రిబ్బను కత్తిరించేదాకా ఎవరూ తొక్కకూడదు. మంత్రిగారికి తీరిక దొరికేలోపు కమిషనరుగారికి బదిలీ అయింది.

అయినా నెలనెలా పైకి నివేదిక పోతూనే ఉంది. ఈ నెల మా సైకిళ్ళు ఇన్ని కిలోమీటర్లు తిరిగాయి, ఊళ్ళో ఇంత పొగ తగ్గింది అని. నివేదిక ఆపమని ఉత్తర్వు లేదు కనుక ఎవరూ ఆపలేదు. సైకిళ్ళను కదిలించమని ఉత్తర్వు లేదు కనుక ఎవరూ కదిలించలేదు. రెండూ నిబంధనల ప్రకారమే జరిగాయి.

ఇప్పుడు మంత్రిగారికి తీరిక దొరికింది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ఆయన రిబ్బను కత్తిరించి, ఒక సైకిలెక్కి, ఏటిగట్టు దాకా తొక్కుతారు. అదే శుక్రవారం సాయంత్రం ప్రమోషన్ల కమిటీ కూర్చుంటుంది. సూపరింటెండెంటు పోస్టుకి జాబితాలో మొదటి పేరు గంగాచలానిది. సూపరింటెండెంటు అంటే చేతులున్న కుర్చీ. ఆ కుర్చీ వెనక వేయడానికి అతని భార్య భూలక్ష్మి ఆకుపచ్చ అంచున్న తువ్వాలు కొని బీరువాలో దాచింది కూడా.

సైకిళ్ళు అతని పూచీలో ఉన్నాయి. వాటికి దెబ్బ తగిలితే ఆ తువ్వాలు బీరువాలోనే ఉండిపోతుంది.

“ఏవండీ, స్టోరు తెరిచేరాండీ?”

గంగాచలం ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. రోజూ వచ్చే పెద్దాయనే. వెలిసిపోయిన ఖాకీ చొక్కా, భుజం మీద తుండు.

“మా వీధి కుళాయికి వాసరు...”

“రేపు రా పెద్దాయనా. చూస్తున్నావుగా ఇక్కడి పరిస్థితి.”

“మరేనండి. రేపే వత్తానండి.” రేపనేది తమ పక్కవీధి పేరన్నంత మామూలుగా అన్నాడాయన.

స్టోరులో వాషర్లు లేక కాదు. డబ్బా నిండా ఉన్నాయి. కాకపోతే ఆ డబ్బా బల్లల కింద పడి ఉంది. డబ్బా తియ్యాలంటే బల్లలు బయటపెట్టాలి. బల్లలు పెట్టే చోట సైకిళ్ళున్నాయి. గంగాచలం ఈ సంగతి జనానికి ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. రేపు రమ్మనడం తేలిక.

*

“అరిగాయా, అరిగినట్టు కనబడుతున్నాయా?” అని అడిగింది కమిషనరు హిమజ.

“అరిగాయండి.”

“ఆ మాట మీరు అనకూడదు గంగాచలంగారూ. సాంకేతిక అభిప్రాయం ఇంజనీరుగారిది.”

ఇంజనీరు రామబ్రహ్మం కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. “అరుగుదల అనేది వాడకానికి ఫలితం మేడమ్. ఇక్కడ వాడకం లేదు. కనుక ఇది సూత్రప్రాయంగా అరుగుదల కాదు. అరుగుదలను పోలిన స్థితి.”

“మీటలు మార్పించేస్తే పోలేదాండీ?” అన్నాడు గంగాచలం. “చిన్న పనే కదా.”

ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ అంత మోటుగా మాట్లాడలేదు. హిమజ జాలిగా చూసింది.

“చూడండి. వాడి వాడి అరిగితే మరమ్మతు చేయించొచ్చు. ఎవరైనా పాడుచేస్తే ముందు వాళ్ళమీద చర్య, ఆ తరవాతే మరమ్మతు. ఏ కారణమూ లేకుండా అరిగితే ఏం చెయ్యాలో నిబంధన లేదు. నిబంధన లేని పనికి నేను సంతకం పెట్టను.”

“అయితే వాడి వాడి అరిగాయనే అందాం మేడమ్,” అన్నాడు రామబ్రహ్మం. “మన నివేదికల ప్రకారం ఈ సైకిళ్ళు కాశ్మీరం వెళ్ళి వచ్చినంత దూరం తిరిగాయి.”

“మరి టైర్లో?”

టైర్లు ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటిమీది రబ్బరు నూగు కూడా రాలలేదు, పసిపిల్లల చెవుల మీది వెంట్రుకల్లా.

“కాశ్మీరం వెళ్ళొచ్చిన సైకిలుకి మీటలు అరిగి టైర్లు అరగకపోతే ఆడిట్ వాళ్ళు ఏమంటారు?” అంది హిమజ.

“టైర్లు కూడా అరిగి ఉంటే ఏమీ అనరు మేడమ్.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగాచలం వాళ్ళిద్దరి మొహాలూ చూశాడు.

మధ్యాహ్న భోజనాలకి ముందే కమిటీ పుట్టింది. భోజనాల తరవాత కమిటీ తీర్మానం పుట్టింది. సైకిళ్ళు మరమ్మతుకు అర్హత పొందాలంటే అన్ని భాగాలూ ఒకే స్థాయిలో పాడై ఉండాలి. కాబట్టి మీటల అరుగుదలను ప్రమాణంగా తీసుకుని, మిగతా సైకిలును ఆ ప్రమాణానికి తీసుకురావాలి. దీనికి రామబ్రహ్మం ‘సమతుల్య అరుగుదల’ అని నామకరణం చేశాడు.

“తొక్కితే సరిపోదాండీ? అవే అరుగుతాయి,” అన్నాడు గంగాచలం.

“గేర్లు పాడైన సైకిలు తొక్కించి ఉద్యోగికి ఏమైనా అయితే బాధ్యత ఎవరిది? పైగా రిబ్బను కట్టి ఉంది.” రామబ్రహ్మం తల అడ్డంగా ఊపాడు. “నిలబెట్టిన చోటే అరగదియ్యాలి.”

*

మంగళవారం వరండా అంతా గరగరలాడింది. పారిశుద్ధ్య విభాగం నుంచి ఆడవాళ్ళను పిలిపించి తలా ఒక గరుకు కాగితం ఇచ్చారు. వాళ్ళు టైరుకొకరు చొప్పున కూర్చుని పొయ్యిమీది మసిగిన్నలు తోమినట్టు తోమారు. అటెండరు నూకరాజు అధ్యక్షత వహించాడు.

“పెడల్సు కూడా రుద్దండమ్మా. బ్రేకు రబ్బరు కట్టలు కూడా. తెగిపోవాల, కానీ మరీ తెగిపోకూడదు, ఇంజనీరుగారు చెప్పేరు.”

పనుల మీద వచ్చిన జనం గోడవారన నిలబడి చూస్తున్నారు. పుట్టినతేదీ దిద్దించుకోవడానికి వచ్చినవాళ్ళు, ఇంటిపన్ను తగ్గించమని వచ్చినవాళ్ళు, పింఛను కోసం వచ్చే సూరమ్మ. కొత్త టైర్లను సర్కారు ఎందుకు అరగదీస్తోందని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడిగితే తమ పని ఇంకో వారం వెనక్కి పోతుందని వాళ్ళకి తెలుసు.

ఖాకీ చొక్కా పెద్దాయన మాత్రం చూస్తూ ఉండలేక ముందుకొచ్చాడు. “నీళ్ళు చల్లుకుంటా రుద్దండమ్మా. అప్పుడైతే రబ్బరు బాగా తెగుద్ది.” తనే ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి పోశాడు కూడా.

నూకరాజు ఇంజనీరు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. “సీట్లకి మనం ఏం చెయ్యక్కర్లేదండి. అయ్యి ముందే నిగనిగలాడిపోతన్నాయి. ఎవరో కూకుని కూకుని నునుపు చేసినట్టు.”

“మంచిది. ఒక పని తగ్గింది,” అన్నాడు రామబ్రహ్మం. సాయంత్రం ఆయన వరసంతా తిరిగి చూసి, ‘క్షీణత సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టాడు.

అంతా సవ్యంగా ముగిసేదే. కానీ ఎదుటి టీకొట్టులో ఎవరో ఫోనుతో వీడియో తీశారు. బుధవారం పొద్దున్న జీపు దిగింది. జీపులోంచి విజిలెన్సు అధికారి పరాంకుశం దిగాడు.

*

పరాంకుశం పొట్టి మనిషి. నల్ల కళ్ళద్దాలు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు సర్వీసులో ఎవరూ లేరు. వరండాలో అడుగుపెట్టగానే జేబులోంచి భూతద్దం తీశాడు. జనాన్ని మెట్ల కిందికి పంపించి, సైకిళ్ళ చుట్టూ తాడు కట్టించి, వాచ్‌మన్‌ను కాపలా పెట్టించాడు.

“ఈ టైర్లు...” అన్నాడు వంగి.

హిమజ కమిటీ తీర్మానం చేతికిచ్చింది. ఆయన చదివి తిరిగి ఇచ్చేశాడు.

“తీర్మానం ప్రకారం అరిగినవి. వీటితో నాకు పని లేదు.” తరవాత హ్యాండిలు దగ్గరికి వచ్చాడు. ఎడమ మీట నొక్కాడు. వాలిపోయింది. కుడి మీట నొక్కాడు.

టిక్.

రెండో సైకిలు కుడి మీట. టిక్. మూడోది. టిక్. వరసగా పన్నెండు కుడి మీటలూ పెళ్ళికొడుకు కొత్త చెప్పుల్లా టిక్కుటిక్కుమన్నాయి.

“అరిగినవి ఎడమవి మాత్రమే,” అన్నాడు పరాంకుశం నెమ్మదిగా. “ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?”

గంగాచలం కుడి మీటలవైపు చూశాడు. సోమవారం పొద్దున్న తను కుడి మీటల్ని ముట్టుకోనే లేదు. ముట్టుకోవాలని తోచనే లేదు. ఎందుకు తోచలేదో ఇప్పుడు తెలిసింది. తన ఎడమచేతివైపు చూసుకుని మెల్లగా దాన్ని జేబులోకి దోపాడు.

అతనిది పుట్టు పుర్రచేతి వాటం.

“సైకిలు తొక్కేవాడు మాటిమాటికీ మార్చేది కుడి మీట,” అని పరాంకుశం తేల్చాడు. “ఎడమది ఏ గట్టో ఎక్కినప్పుడు. అంటే ఇది తొక్కినవాడి పని కాదు. పుర్రచేతి వాటం ఉన్నవాడు ఇక్కడే నిలబడి, పనిగట్టుకుని చేసిన విధ్వంసం. రేపు పదకొండు గంటలకి సిబ్బంది అంతా సమావేశ మందిరంలో ఉండాలి. చేతివాటం నిర్ధారణ జరుపుతాను.”

ఆ సాయంత్రం గంగాచలం ఇంట్లో కుడిచేత్తో సంతకం పెట్టడం నేర్చుకుంటూ కూర్చున్నాడు. సిరాలో పడ్డ చీమ బయటికి పాకినట్టు వచ్చింది.

“ఇంకోసారి రాయండి,” అంది భూలక్ష్మి. “గ తర్వాత సున్నా పెట్టాలి. మీరు సున్నాకి కాళ్ళు పెడుతున్నారు.”

“చిన్నప్పుడు మా నాన్న రూళ్ళకర్ర పుచ్చుకుని మాన్పిద్దామని చూశాడే. మానలేదు. ఇప్పుడు మానుతుందా?”

“అప్పుడు సూపరింటెండెంటు పోస్టు లేదుగా. రాయండి.”

*

గురువారం సమావేశ మందిరంలో ఒక్కొక్కరినీ పిలిచి అరటిపండు ఒలిపించారు. సూదిలో దారం ఎక్కించమన్నారు. సంతకం పెట్టమన్నారు. గంగాచలం అరటిపండు కుడిచేత్తో ఒలిచాడు. దారం ఎక్కించాడు, చెమట కారుతున్నా ఎక్కించాడు. చీమ సంతకం పెట్టాడు. పరాంకుశం దాన్ని భూతద్దంతో చూసి పక్కన పెట్టాడు.

గంగాచలం బతికి బయటపడ్డానని ఊపిరి పీల్చుకుని తలుపు దాకా వెళ్ళాడు.

“గంగాచలంగారూ, స్టోరు తాళాలు మరిచిపోయారు,” అన్నాడు పరాంకుశం వెనకనుంచి.

తాళాలగుత్తి గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చింది. చెయ్యి దానంతటది లేచి పట్టుకుంది.

అందరూ ఆ చేతివైపే చూస్తున్నారు. గంగాచలం కూడా చూశాడు. ఎడమచెయ్యి.

“నోరు అబద్ధమాడుతుంది, చెయ్యి ఆడదు,” అని పరాంకుశం కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “రేపు ఉదయం నేరం చేసిన తీరు సైకిలు మీద చూపించాలి. ఆ తరవాత అభియోగపత్రం ఇస్తారు.”

విచిత్రమేమిటంటే ఆ మధ్యాహ్నం ఆఫీసంతా తేలికపడింది. బాధ్యుడు దొరికాడు కనుక చర్యకు దారి దొరికింది. చర్యకు దారి దొరికింది కనుక మరమ్మతుకు దారి దొరికింది. మెకానిక్కుకి కబురు కూడా వెళ్ళింది. రామబ్రహ్మం స్టోరుగదికి వచ్చి ఆప్యాయంగా గంగాచలం భుజం మీద చెయ్యి వేశాడు.

“మీరు ఒప్పేసుకుంటే మంత్రిగారు వచ్చేలోపు మీటలు మార్చేస్తాం. సంస్థ కోసం ఆలోచించండి.”

“నేను చెయ్యలేదండి.”

“చేశారా లేదా అన్నది వ్యక్తిగత విషయం గంగాచలంగారూ. నేను మాట్లాడేది మరమ్మతు గురించి.”

ఆయన వెళ్ళాక గంగాచలం బల్లల గుట్ట మధ్య తన చేతుల్లేని కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. గదిలో ఏదో తేడాగా ఉంది. ఏదో లేదు. కాసేపటికి తట్టింది. గోడగడియారం చప్పుడు లేదు. ఏడాదికి పైగా ఆ టిక్ టిక్ వింటూనే పని చేసుకుంటున్నాడు. నిన్నటి నుంచి వినపడటం లేదు.

“నూకరాజూ, ఈ గడియారానికి బ్యాటరీ వెయ్యి. ఆగిపోయింది.”

నూకరాజు వింతగా చూశాడు. “దానికి బ్యాటరీ ఎప్పుడుందండి? వెనకటి కమిషనరుగారు రాకముందే పీకేసేం కదా, కాలింగు బెల్లుకి లేదని.”

గంగాచలం మెల్లగా తల తిప్పి గడియారం పక్కనున్న కిటికీవైపు చూశాడు. కిటికీ అవతల వరండా. వరండాలో సైకిళ్ళు. సైకిళ్ళ చుట్టూ నిన్న కట్టిన తాడు.

అతను ఒక్క పరుగున వెళ్ళి పరాంకుశం ముందు నిలబడ్డాడు. “సార్, చప్పుడు నేను విన్నాను. ఏడాది పైనుంచీ విన్నాను. పగలే, ఆఫీసు టైములోనే. చేసినవాడు పగలంతా వరండాలోనే ఉన్నాడు సార్.”

“పగలు వరండాలో ఎవరుంటారు?”

గంగాచలం గట్టిగా ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు.

“ఎవరూ ఉండరండి. జనం తప్ప.”

“జనం సంగతి వదిలెయ్యండి,” అన్నాడు పరాంకుశం విసుగ్గా. “మనిషెవరైనా ఉన్నాడా?”

గంగాచలం ఎంత ఆలోచించినా ఎవరూ గుర్తు రాలేదు.

*

శుక్రవారం ఉదయం మామిడితోరణాలు కట్టేవాళ్ళు ఒకపక్క కడుతుంటే, ఇంకోపక్క నేరప్రదర్శన మొదలైంది. కమిషనరు, ఇంజనీరు, పరాంకుశం వరసగా నిలబడ్డారు. మెకానిక్కు కొత్త మీటల సంచీతో గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. నేరం రుజువు కాగానే పని మొదలుపెట్టాలి. జనం మెట్ల మీద గుమిగూడారు. గంగాచలాన్ని చివరి సైకిలు ఎక్కించారు.

“చెయ్యి పెట్టండి,” అన్నాడు పరాంకుశం. “ఎలా నొక్కారో నొక్కండి.”

గంగాచలం బొటనవేలితో మీటను నెట్టాడు. అది ఎక్కడో ఇరుక్కుని కిర్రుమంది. ఇంకాస్త గట్టిగా నెట్టాడు. మళ్ళీ కిర్రుమంది. మెట్ల మీద ఎవరో పళ్ళు కొరుక్కున్నారు.

“అలా కాదు. రోజూ చేసేవాడిలా చెయ్యండి.”

కిర్ర్ ర్ ర్.

“అయ్యయ్యో, ఆపండి బాబూ,” అంటూ ఖాకీ చొక్కా పెద్దాయన తాడు కింద నుంచి దూరి వచ్చేశాడు. “క్లచ్చు తొక్కకుండా గేరెవరైనా మారుత్తారేటండి? పళ్ళు పోతాయి. దిగండి, దిగండి.”

గంగాచలం దిగాడు. ఎందుకు దిగాడో అతనికి తెలియదు. ఆ గొంతులో ఏదో అధికారం ఉంది. పెద్దాయన సీటు తుండుతో ఒకసారి దులిపి, ఎక్కి, నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కుడిచెయ్యి హ్యాండిలు మీద నిలిచింది. ఎడమకాలు గాలిలో దేన్నో మెత్తగా నొక్కింది. ఎడమ బొటనవేలు మీట మీద వాలింది.

టిక్.

చచ్చిందనుకున్న మీట పలికింది.

మెట్ల మీద నుంచి పింఛను సూరమ్మ అలవాటుగా అడిగింది. “రంపచోడవరం వచ్చేసిందా బాబాయ్?”

“ఇంకా లేదమ్మా. ఇప్పుడే గోకవరం దాటేం,” అన్నాడు పెద్దాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

హిమజ ముందుగా తేరుకుంది. “ఎవరీయన?”

“రోజూ వత్తాడండి,” అన్నాడు నూకరాజు.

“ఎవరి కోసం?”

నూకరాజు గంగాచలంవైపు చూశాడు. గంగాచలం నేలవైపు చూశాడు.

పరాంకుశం కళ్ళద్దాలు తీశాడు. ఆయన కళ్ళను ఆ ఆఫీసు మొదటిసారి చూసింది. కలం మూత విప్పి, “మీ సొంత మాటల్లో చెప్పండి,” అన్నాడు.

పెద్దాయన సైకిలు దిగలేదు.

“ఆయ్, నేనేనండి. నా పేరు సింహాద్రండి. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయేనండి. రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే బండి, ఆ ఘాటు రోడ్డు, సర్వీసంతా నాదేనండి. మా వీధి కుళాయికి వాసరు అరిగిపోయిందండి. ఎంత కట్టినా నీళ్ళు కారిపోతానే ఉన్నాయి. వీధంతా బురద. వాసరు కోసం వచ్చేను. రేపు రమ్మన్నారు. రేపొచ్చేను. కూకోమన్నారు. ఎక్కడ కూకోనండి? బల్లలు తీసేసేరు. నిలబడితే నా మోకాళ్ళు ఊరుకోవు. సైకిలుంది, దానికి సీటుంది. మీ రిబ్బను తెంపలేదండి, ఒట్టు, కింద నుంచి దూరేను.

“కూకున్నాక చెయ్యి ఊరుకోదు కదండి. బస్సులో గేరు రాడ్డు ఎడమచేతి పక్క ఉంటదండి. ఆ చెయ్యి దానంతటదే మీట మీద పడింది. టిక్కుమందండి. ఆ టిక్కు ఇనేతలికి నాకు ప్రాణం లేచొచ్చింది. సరే, ఈళ్ళు పిలిచేలోపు గోకవరం దాకా వెళ్ళొద్దాంలే అనుకున్నాను. పిలవలేదు. రంపచోడవరం వెళ్ళేను. పిలవలేదు. మారేడుమిల్లి దాటి ఘాటెక్కేసేను. దీనికి మూడే గేర్లండి, రివర్సు కూడా లేదు, సర్దుకున్నాను. మీరు భోజనాలకి తలుపులేసేతలికి భద్రాచలంలో బండి ఆపేవోణ్ణి. మళ్ళీ తలుపులు తీసినాక తిరుగు ట్రిప్పు. ఈళ్ళందరూ ఎనకాల నిలబడి ఎక్కడిదాకా వచ్చేం అని అడుగుతా ఉండేవోరు. పాపం, ఈళ్ళకీ పొద్దుపోవాలి కదండి. ఒక బండికి గేరు పోతే పక్క బండికి మారేను. డిపోలోనూ అంతేగదండి.

“గంగాచలంగారికి ఏ సమ్మందం లేదండి. ఆయన ఏనాడూ తలెత్తి చూసినోరు కాదు. చూత్తే నేను అప్పుడే దిగిపోదును. ఆ మీటలు అరగదీసింది నేనే, ఏ శిచ్చయినా ఎయ్యండి. ఒక్క మాటండి. ఈ సైకిళ్ళ మీద కూకుని నేను భద్రాచలం ఎన్నిసార్లు వెళ్ళొచ్చేనో నాకే లెక్క లేదు. ఆ స్టోరుగదిలోంచి ఈ వరండాలోకి రావడానికి మా వాసరు మాత్రం ఇంకా బయల్దేరలేదండి.”